ఆరు పడితే సిపాయి పోతాడు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. లోకంలో ఉన్న తప్పులన్నీ దిద్దడానికే పుట్టానని గట్టి నమ్మకం. నిజామాబాద్ గాంధీ చౌక్ వెనుక సందులో ఉన్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు కంపోజు చేయడం నా ఉద్యోగం. "ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టు బిడ్డా, నీ తెలివి ఇంట్ల పెట్టి రా" అని మా సేటు రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు. బీఏలో తెలుగు సాహిత్యం చదివినవాడి చేతిలో పడ్డ కాగితం దిద్దించుకోకుండా ఎట్లా బయటపడుతుంది? (ఒకసారి ఒక పెండ్లి పత్రికలో 'పోషవ్వ' అన్న పేరు అచ్చుతప్పు అనుకుని 'పుష్పవ్వ' చేశాను. పోషవ్వ పెండ్లికొడుకుకు సొంత మేనత్త. "నా పేరు లేని పెండ్లికి నేనెందుకొస్త" అని ఆమె అలిగి ఇంట్లోనే కూర్చుంది. ఆ పెండ్లికొడుకు ఇప్పటికీ బజారులో కనిపిస్తే ముఖం తిప్పుకుంటాడు.) ఇంత జరిగినా నా చెయ్యి ఊరుకునేది కాదు.

అటువంటి నా చేతిలో పడటానికి ఒక ఎండాకాలం పొద్దున బోధన్ నుంచి బస్సెక్కి వచ్చారు లెక్చరర్ సారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. భుజానికి గుడ్డ సంచి, కంటి ఆపరేషన్ కొత్తగా అయినందుకు ముఖం మీద పచ్చ అద్దాలు. సంచిలోంచి వంద పేజీల నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు. అట్ట మీద 'సంగమ సమరం: బొమ్మల యుద్ధక్రీడా నియమావళి' అని ముత్యాల్లాంటి అక్షరాలు. ఇదేమిటని అడిగితే చెప్పారు. వేలెడంత మట్టి సిపాయిలను టేబుల్ మీద బారులు తీర్చి, పాత కాలపు యుద్ధాన్ని ఇద్దరు మనుషులు ఆడటం. ఒకవైపు కాకతీయుల సేన, ఇంకోవైపు దేవగిరి యాదవుల సేన, మధ్యలో గోదావరి, మంజీర కలిసే కందకుర్తి రేవు. అక్కడ అటువంటి యుద్ధం జరిగిందా అంటే "జరిగిందని ఎక్కడ లేదు, జరిగి ఉంటే ఎట్లుండు అని నా ఆట" అన్నారు. ఏనుగు ఎంత దూరం నడవాలి, బాణం ఎంత దూరం పారాలి, నదిలో దిగిన గుర్రానికి ఎంత ఆలస్యం కావాలి, అన్నింటికీ లెక్క, అన్నింటికీ నియమం. పదకొండేళ్లు రాశారట. నేను కొంచెం తెలివి చూపించి, "అంటే చదరంగం అసుంటిదా సార్?" అన్నాను. సారు నా వైపు జాలిగా చూశారు. "చదరంగంల గుర్రం ఎన్నడన్న అలిసిపోతదా బిడ్డా? నా గుర్రం అలిసిపోతది." ఆ ఒక్క మాటకు నేను ఆయన భక్తుణ్ణైపోయాను. ఆ రోజే నా పేరు కూడా మారింది. అప్పటినుంచి ఆయన నన్ను 'కంపోజు' అనే పిలిచారు.

తర్వాతి ఆదివారం బోధన్ పోయి చూశాను. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఖాళీ అయిన క్వార్టర్లలో ఒకటి సారు అద్దెకు తీసుకున్నారు. ముందు గది మొత్తం ఒకటే టేబుల్. నది అంటే నీలిరంగు పాలిథిన్, చెట్లంటే గిన్నెలు తోమే పచ్చ పీచు ముక్కలు, ఈటెలంటే పండ్ల పుల్లలు. ఏనుగులకు మాత్రం ఒక్కొక్క దానికి ఒక్కొక్క ముఖం. పెండ్లెందుకు చేసుకోలేదు సార్ అని ఎవరైనా అడిగితే "టేబుల్ ఖాళీ లేకుండె" అనేవారు. పక్కనే దుకాణం ఉన్న టైలర్ చాచా ఆయన జోడీ. జెండాలు కుట్టేది చాచా, కొలతలకు టేపు తెచ్చేది చాచా, ప్రతిసారీ దేవగిరి సేనను నడిపించి ఓడిపోయేదీ చాచాయే. "నాకు ఎవరి దేశమైతే ఏంది బేటా, ఆదివారం గడిస్తే చాలు" అనేవాడు గానీ ఓడితే ఆ పూట సారుతో కలిసి చాయ్ తాగేవాడు కాదు.

ఇక నా ఘనకార్యం. సారు రాసింది చక్కటి గ్రాంథికం. 'పాచిక యందు నాలుగు పడినచో సిపాయి ముందునకు సాగును. ఆరు పడినచో సిపాయి నిహతుడగును.' నిహతుడగును! చెరుకు బండ్ల మధ్య పెరిగిన పిల్లలు ఆడవలసిన ఆటలో ఈ మాట ఎవడికి అర్థమవుతుంది? నాకు సారు మీద ప్రేమ పొంగింది. ఆయనకు మేలు చేద్దామనుకున్నాను. 'నిహతుడగును' అని ఉన్నచోటల్లా 'పోతాడు' అని ఒక్క దెబ్బకు మార్చేశాను, ఏనుగులకూ రాజుకూ అదే మాట. బాగుంది, మనూరి మాటలాగా ఉంది. ఊపు మీద 'ముందునకు సాగును' అన్నదాన్ని 'ముందుకు పోతాడు' చేశాను. ఇదీ బాగుంది. తీరా చూస్తే కాగితం లెక్క ప్రకారం ముప్పై రెండు పేజీల్లో ఒదగాల్సిన పుస్తకంలో రెండు పేరాలు ముప్పై మూడో పేజీలోకి కారాయి. ఏం తీసేద్దామా అని వెతికి, 'ముందుకు' అన్న మాట అన్నిచోట్లా అనవసరమని తేల్చాను. పోవడమంటే ముందుకే కదా, వెనక్కి పోయేవాడికి 'వెనక్కి' అని విడిగా ఉండనే ఉంది. తీసేశాను. పుస్తకం అచ్చంగా ముప్పై రెండు పేజీల్లో ఒదిగింది. ప్రూఫు చూడమని ఫోన్ చేస్తే సారు "కండ్లు ఇంక మసకనే ఉన్నయి కంపోజూ, నీ మీద నాకు భరోసా ఉన్నది, కొట్టెయ్" అన్నారు. రెండువందల కాపీలు కొట్టేశాము. నా భుజం నేనే తట్టుకున్నాను.

పుస్తకం ఆవిష్కరణ బోధన్‌లో సారు పనిచేసిన కాలేజీ హాల్లో. టేబుల్‌ను ముక్కలుగా విప్పి అక్కడికి మోసుకుపోయి, నదిని నేనే పరిచాను. ఆట చూపించడానికి దేవగిరి పక్షాన చాచా, కాకతీయుల పక్షాన రుద్రూర్ నుంచి బస్సులో వచ్చే ఇంటర్ అమ్మాయి ఒకతె. చెరుకు రైతు బిడ్డ, పుస్తకం చేతికిచ్చిన అరగంటలో మొత్తం చాచాకు వినబడేటట్టు చదివేసింది. (ఇప్పుడు నిజామాబాద్ కోర్టులో వకీలట. వినగానే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.) కాకతీయుల తరఫున ఆ అమ్మాయి బాణాలు వేయించింది, దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి చాచా పాచిక వేశాడు. ఆరు పడింది. చాచా సంతోషంగా తన సిపాయిని టేపుతో కొలిచి రెండంగుళాలు ముందుకు జరిపాడు.

"ఏంది చాచా, సచ్చినోన్ని నడిపిస్తున్నవ్?" అంది అమ్మాయి.

"ఎవడు సచ్చిండు? ఇన్నేండ్లు సార్ చెప్పినట్టు ఆడిన, ఇప్పుడు బుక్కుల ఉన్నదే లెక్క. ఆరు పడ్తే పోతడు అని నువ్వే గద చదివినవ్. పోయిండు. గిదిగో, గీడిదాక పోయిండు."

"పోతడంటే పాణం పోతడు చాచా!"

"మరి నాలుగు పడ్తే గూడ పోతడనే ఉన్నది గద బేటీ? నాలుగుకు పోయినోడు ఆరుకు ఇంకింత దూరం పోవాల్నా వద్దా?"

అమ్మాయి పేజీ తిప్పింది.  ఆ పేజీలో 'ఏనుగు పోతే దాని వెనక ఉన్నవాళ్లంతా పోతారు' అని ఉంది. చాచా ఏనుగును ఒక్క అడుగు జరిపాడు. అమ్మాయి దాని వెనకున్న పన్నెండు మందినీ ఏరి పక్కన పడుకోబెట్టింది. చాచా లేపి నిలబెట్టాడు. ఆమె మళ్లీ పడుకోబెట్టింది. హాల్లో ఒకరిద్దరు నవ్వారు. చాచా ఉక్రోషంతో తన రాజును పీచు చెట్టు చాటునుంచి బయటికి తీసి ఇటు పెట్టాడు. అంతే, అమ్మాయి పుస్తకం మూసింది. "రాజు పోతే ఆట ముగిసినట్టే, చివరి పేజీ. మీ రాజు పోయిండు చాచా." హాలు హాలంతా ఘొల్లుమంది. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి మైకులోనే అడిగాడు. "ఇంతకు ఎవరు గెలిచిండ్రు సారూ?"

సారు ఒక పుస్తకం తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివారు. నేను టేబుల్ కింద గోదావరి అంచు పట్టుకుని కూర్చున్నాను. లేచి "నేనే మార్చిన సార్" అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలూ పాలిథిన్ ముడతలు సరిచేస్తూ గడిపాను. సారు మైకు తీసుకుని, "తప్పు రాసినోనిది. రాసింది నేను. పిల్లలు సక్కగనే ఆడిండ్రు" అన్నారు. నవ్వులు ఆగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

అక్కడితో అయిపోతే ఇది నవ్వుకునే కథే. సారు రెండువందల కాపీలూ ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే తెరిచి, ప్రతి 'పోతాడు' మీదా ఎర్ర సిరాతో గీత కొట్టి 'చస్తాడు' అనో 'నడుస్తాడు' అనో రాయడం మొదలుపెట్టారు. నేను ప్రతి ఆదివారం పోయి సాయం కూర్చునేవాణ్ణి. ఒకరోజు చెయ్యి ఆపి అన్నారు. "గీ మాట నేనెప్పుడు రాసిన్నో ఎంత యాది చేస్కున్నా రాదు కంపోజూ. నా నోట్ల వచ్చే మాటనే కాదు గిది. మొన్న తాళంచెయ్యి చక్కెర డబ్బల పెట్టిన. మా నాయినకు గూడ గిట్లనే సురువైంది, ఆఖరుకు మమ్ములనే గుర్తువట్టలే. నాకు గూడ వచ్చినట్టున్నది." నేను తల దించుకుని ఎర్ర గీతలు కొడుతూనే ఉన్నాను. "చేతిరాత బుక్కు ఉంటె సూసుకుందును, ఏడున్నదిరా?" అన్నారు. అది నా సొరుగులోనే ఉంది. "సేటు పాత కాయితాలల్ల ఏసిండు సార్" అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత సారు కొత్తది రాయడం మానేశారు. గోల్కొండ ముట్టడి మీద రెండో పుస్తకం మొదలుపెట్టి ఉన్నారు. అట్టముక్కల కోటగోడ సగం లేచి అట్లాగే ఆగిపోయింది. "తప్పులు రాసేటోడు రాయొద్దు" అనేవారు. ప్రతి ఆదివారం ఈసారి చెప్పేస్తానని ఒట్టుపెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. ఎక్కేటప్పుడు ఉన్న ధైర్యం ఎడపల్లి దాటేసరికి సగమయ్యేది, బోధన్ బస్టాండులో దిగేసరికి టికెట్టుతో పాటే చెల్లిపోయేది. చెబితే సారు నన్ను గడప తొక్కనివ్వరని భయం. చెప్పకపోతే ఆ మనిషి తనకు మతి తప్పిందన్న దిగులుతోనే ముసలివాడైపోతాడు. ఈ రెంటి మధ్య ఆరు నెలలు నలిగాను.

ఒక గురువారం పది గంటలకు ప్రెస్సులో ఉన్నాను. చాచా ఫోను. "బేటా, సార్ పోయిండు."

"ఎప్పుడు చాచా?"

"పొద్దుగాల్నే. నేను దుకాణం తెరవకముందే పోయిండు. నువ్వు జల్ది రా. సిపాయిలను గూడ..." అంతే, కట్టయింది. (చాచా ఫోన్లో బ్యాలెన్సు ఎప్పుడూ ఒక ముక్కకే సరిపోయేది.) తిరిగి చేయాలని నాకు తోచలేదు. చావు కబురు విన్నాక ఇంకేం వివరాలు అడుగుతాం? మా సేటు నా ముఖం చూసి, "పో బిడ్డా, పో. సార్ ఫొటో ఉంటే తీస్కరా, శ్రద్ధాంజలి కార్డు నేను ఉత్తగనే కొట్టిస్త" అన్నాడు. నేను సొరుగులోంచి నోటుబుక్కు తీసుకున్నాను. బతికుండగా ఇవ్వలేనిది చితి మీదైనా పెడదామని. బస్టాండు బయట బంతిపూల దండ ఒకటి కొన్నాను. బస్సులో దండ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే పక్కనున్న అవ్వ "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగి, మా సారు అనగానే లేచి కిటికీ సీటు నాకిచ్చింది. దారి పొడుగునా ఒకటే మాట: చెప్పకపోతిని, చెప్పకపోతిని.

క్వార్టరుకు తాళం వేసి ఉంది. పక్క దుకాణంలో చాచా మిషన్ తొక్కుతున్నాడు. సారు పోయిన రోజున ప్యాంటు కుట్టే మనిషా ఇతను అని ఒళ్లు మండింది నాకు.

"వచ్చినవా? గీ దండ ఎవలికి?" అన్నాడు.

"సార్‌కు."

"ఏం, సన్మానమా?"

"చాచా! సార్ పోయిండు అన్నవు గద!"

"పోయిండు. కందకుర్తి పోయిండు."

నేను అరుగు మీద కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. అంత తేలిక నా గుండెకు అంతకుముందు తెలియదు. చాచాకు సంగతి అర్థమై లెంపలేసుకున్నాడు. "తౌబా తౌబా! గట్ల అనుకున్నవా? లే, లే. జల్ది రమ్మన్నది ఎందుకనుకున్నవ్? సిపాయిలందరిని సంచిల ఏస్కొని పోయిండు బేటా. నాకు మతి పోయింది, ఇగ ఆట లేదు, మట్టిని గోదాట్ల కలిపేస్త అని ఆటో ఆయనతోని చెప్పిండట. నా మాట ఇంటడా? నీ మాట ఇంటడని పిలిచిన."

వచ్చిన తేలిక వచ్చినట్టే పోయింది. చాచా స్కూటరు వెనక ఎక్కాను. ఒక చేతిలో నోటుబుక్కు, ఇంకో చేత్తో స్కూటరు పట్టుకోవాలి. దండ ఎక్కడ పెట్టాలో తెలియక మెడలో వేసుకున్నాను. రెంజల్ దగ్గర ఎవరో "ఎలక్షన్ గెలిచిండార భయ్?" అని అరిచారు. చాచా చెయ్యి ఊపాడు.

కందకుర్తి రేవులో సారు ఇసుక మీద కూర్చుని ఉన్నారు. ముందు రెండు సేనలూ బారులు తీరి నదివైపు తిరిగి ఉన్నాయి. మహారాష్ట్ర వైపునుంచి స్నానానికి వచ్చిన ఒక మరాఠీ ముసలమ్మ "హత్తీ కితీలా?" అని ఏనుగు ధర అడుగుతోంది. సారు అమ్మకానికి కాదని తల అడ్డంగా ఊపుతూ పాచిక వేస్తున్నారు. మమ్మల్ని చూసి ముందు నా మెడ వైపు చూశారు.

"ఏంది కంపోజూ, పెండ్లి చేస్కున్నవా?"

"ఏం చేస్తున్నరు సార్ మీరు?"

"ఎవరిని ముందు కలపాల్నో తేలుతలేదు. కాకతీయులను ముందు వేస్తే అన్యాలం, దేవగిరోళ్లను వేస్తే చాచాకు కోపం. పాచిక వేస్తున్న. ఇద్దరికీ ఒకటే పడుతున్నది. గిసుంటిదానికి నియమం రాసుకోకపోతిని."

నేను ఇసుకలో మోకాళ్ల మీద పడి నోటుబుక్కు ఆయన చేతిలో పెట్టాను. "పోతాడు అని రాసింది మీరు కాదు సార్, నేను. మీకు మేలు చేద్దామని మార్చిన. ఇది సేటు పారేయలె, నా దగ్గర్నే ఉన్నది. అబద్ధం చెప్పిన." ఇంకా ఏదేదో అన్నాను. సారు వినలేదు. పేజీలు తిప్పుతున్నారు. ఒకచోట వేలు ఆగింది. "నిహతుడగును" అని చదివారు. ఇంకో పేజీ. "నిహతుడగును." ఇంకోటి. తల ఎత్తారు. కోపం వస్తుందని నేను కళ్లు మూసుకున్నాను.

"గిదే రాసిన! నాకు యాదున్నది! అంటే నా బుర్ర సక్కగనే ఉన్నదన్నట్టా?"

"సక్కగనే ఉన్నది సార్."

అప్పుడు పడింది నా వీపు మీద, అదే నోటుబుక్కుతో. "ఆరు నెల్లు! ఆరు నెల్లు మతి పోయిందనుకున్న గదరా గాడిదా!" కొడుతున్నారు, నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. ఇంకో నాలుగు తగిలినా నాకు చాలవనిపించింది. చాచా సేనలను సంచిలోకి ఎత్తుతూ, "మతి పోవుడు, సిపాయి పోవుడు, సార్ పోవుడు, గీ మాటనే మంచిది కాదు, తీసెయ్యుండ్రి" అన్నాడు. ముసలమ్మకు సారు ఒక ఏనుగును ఊరికే ఇచ్చారు. ఆ రోజు గోదావరిలో కలిసింది నా బంతిపూల దండ ఒక్కటే.

రెండో ముద్రణ సారు రాసింది రాసినట్టే కొట్టాను. అర్థం కానివాళ్ల కోసం చివర అర్థాల పట్టిక ఒకటి ఆయన అనుమతి అడిగి మరీ చేర్చాను. తర్వాత కోటగోడ లేచింది, గోల్కొండ పుస్తకమూ వచ్చింది. ఇప్పుడు నాకు సొంత ప్రెస్సు ఉంది. పనిలో చేరినవాళ్లకు "ఇచ్చింది ఇచ్చినట్టు కొట్టు" అని రోజుకు నాలుగుసార్లు చెబుతాను, వాళ్లూ వినరు. సారుకు ఎనభై దాటాయి. చాచా ఇంకా ఓడిపోతున్నాడు, ఇంకా చాయ్ మానేస్తున్నాడు.

మొన్న సారు ఫోన్ చేశారు. "కంపోజూ, నా కార్డు నువ్వే కొట్టాలె. ఇప్పట్లనే కాదు, ఎప్పుడన్న. కాని మాట మాత్రం జాగ్రత్త. 'సారు పోయిండు' అని వేసినవనుకో, చాచా రెండు చాయ్‌లు తెప్పించి నేను తిరిగొచ్చేదాక కూసుంటడు. 'నిహతుడయ్యెను' అని వెయ్."

నిహతుడంటే యుద్ధంలో చంపబడ్డవాడు, మంచం మీద పోయేవాళ్లకు ఆ మాట వాడరు, అది తప్పు. నా నాలుక చివరిదాకా వచ్చింది. బస్సు కిటికీ దగ్గర దండ ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న ఆ ఇరవై మూడేళ్ల పండితుడు గుర్తొచ్చాడు.

"అట్లనే సార్. ఒక్క అక్షరం గూడ దిద్ద" అన్నాను.